కొండాపూర్ వైపు అద్దె ఫ్లాట్, ఎర్టిగా పట్టే పార్కింగ్: చూసినవాళ్లు చెప్పండి

ఉప్పల్ నుంచి కొండాపూర్ | శనివారం, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. ఆరేళ్లుగా ఉప్పల్‌లో ఉంటున్నాం. మా ఆవిడకు హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చింది, బడులు తెరిచేలోపు ఇల్లు మారాలి. కొండాపూర్, హఫీజ్‌పేట, మియాపూర్, ఎక్కడైనా సరే. డబుల్ బెడ్‌రూమ్, మెయింటెనెన్స్‌తో కలిపి 28 వేల లోపు. మాకు ఎర్టిగా, ఒక యాక్టివా ఉన్నాయి. నాన్నగారికి మోకాలి ఆపరేషన్ అయింది కాబట్టి లిఫ్టు దగ్గర్లో కారు దిగగలగాలి.

మూడు వారాల్లో పదకొండు ఫ్లాట్లు చూశాం. ఫోన్‌లో అందరూ ‘కార్ పార్కింగ్ ఉందండీ’ అనేవాళ్లే. వెళ్లి చూస్తే ఒకచోట రెండు పిల్లర్ల మధ్య ఇరుకు సందు, కారు దూరుతుంది గానీ తలుపు సగమే తెరుచుకుంటుంది. ఇంకోచోట పార్కింగ్ అంటే కాంపౌండ్ గోడ బయట, రోడ్డు మీద! నిన్న చూసిన ఇల్లు మాత్రం అందరికీ నచ్చింది. మంచి గాలి, వెలుతురు, మంజీరా నీళ్లు కూడా వస్తాయి. కానీ పార్కింగ్ బ్యాక్ టు బ్యాక్. మాది లోపలి స్లాట్, మా ముందు మూడో అంతస్తు వాళ్ల కారు ఉంటుంది.

బ్యాక్ టు బ్యాక్ తీసుకోవచ్చా? సెల్లార్ మంచిదా, స్టిల్ట్ (బిల్డింగ్ కింద నేల మట్టాన పిల్లర్ల మధ్య ఉండే పార్కింగ్) మంచిదా? యాక్టివాకు వేరే చోటు అడగాలా? పార్కింగ్ సంగతి అగ్రిమెంట్‌లో రాయించాలా? బ్రోకర్ ఒక నెల అద్దె అడుగుతున్నారు, అది మామూలేనా?

నిజాంపేట టేపు | శనివారం, రాత్రి 10:52

అన్నా, ముందు ఒక టేపు కొనుక్కో. ఎర్టిగా పొడవు 4395 మిల్లీమీటర్లు, వెడల్పు 1735, అది కూడా అద్దాలు కాకుండా. మన దగ్గర చాలాచోట్ల స్లాట్ ఎనిమిది అడుగులే గీస్తారు. ఎనిమిది అడుగులంటే 2438. కారు పోగా మిగిలేది 703. సరిగ్గా మధ్యలో పెట్టినా ఒక్కో పక్క 35 సెంటీమీటర్లే. అందులో మోకాలి ఆపరేషన్ అయిన పెద్దమనిషి ఎలా దిగుతాడు? ఒక పక్క పిల్లర్ ఉంటే ఇక డ్రైవర్ కూడా పక్క సీట్లోంచి దిగాల్సిందే.

నేను రెండేళ్లు అలాగే దిగాను. మా ఓనర్ ఇల్లు చూపించిన రోజు స్లాట్‌లో ఆల్టో ఉంది. ఎంత విశాలంగా కనిపించిందో. మన కారు తీసుకెళ్లి పెట్టి చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకు. ఓనర్ విసుక్కున్నా సరే.

టోలిచౌకి సెల్లార్ | శనివారం, రాత్రి 11:20

సెల్లార్ వద్దు. దయచేసి వద్దు.

2020 అక్టోబర్ 13 రాత్రి మా సెల్లార్‌లో పద్నాలుగు కార్లు ఉన్నాయి. పదకొండు గంటలకు వాచ్‌మన్ తలుపులు కొట్టాడు. మేం కిందికి దిగేసరికి ర్యాంపు మీద నుంచి నీళ్లు కాలువలా దూకుతున్నాయి, మోకాళ్ల దాకా వచ్చేశాయి. కరెంటు తీసేశారు. ఫోన్ లైటులో మా కారు హెడ్‌లైట్ల దాకా నీళ్లు కనిపించాయి. రెండేళ్లు కూడా నిండని కారు. రెండు రోజుల తర్వాత నీళ్లు తోడాక, నేను చేసిన తప్పు తాళం తిప్పి స్టార్ట్ చేయడం. ఇంజన్‌లోకి నీళ్లు లాగేసుకుంది. ఇన్సూరెన్స్ సర్వేయర్ మొదటి మాటే ‘స్టార్ట్ చేశారా?’ అన్నాడు. సీట్లకు, వైరింగ్‌కు డబ్బులొచ్చాయి, ఇంజన్‌కు రాలేదు. ఇంజన్ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ వేరే తీసుకోవాలని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు.

ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు సెల్లార్ గోడలకేసి చూడండి. పెయింట్ ఎక్కడిదాకా ఉబ్బి ఊడిందో అక్కడిదాకా నీళ్లొచ్చినట్టు. కొత్తగా సున్నం కొట్టి ఉంటే పక్క దుకాణంలో అడగండి.

కేపీహెచ్‌బీ 6వ ఫేజ్ | ఆదివారం, ఉదయం 7:05

బ్యాక్ టు బ్యాక్‌కి అందరూ ఎందుకు భయపడతారో నాకు అర్థం కాదు. నాలుగేళ్లుగా మాది అదే. తాళం చెవి వాచ్‌మన్ దగ్గర పెట్టేస్తాం. పొద్దున్నే ఎవరికి ముందు కావాలో వాళ్ల కారు తీసి పెడతాడు. ఒక్క రోజు కూడా ఇబ్బంది రాలేదు. పార్కింగ్ కోసం మంచి ఇల్లు వదులుకోవద్దు సార్, మంజీరా నీళ్లు వచ్చే ఇల్లు దొరకడమే కష్టం.

చందానగర్ అనుభవం | ఆదివారం, ఉదయం 8:30

తాళం వాచ్‌మన్‌కి ఇచ్చారా? అతనికి లైసెన్స్ ఉందా అని ఎప్పుడైనా అడిగారా?

మా అపార్ట్‌మెంట్‌లో ఇలాగే ఇచ్చారు. కారు వెనక్కి తీస్తూ గేటుకు కొట్టాడు, బంపరు, డిక్కీ రెండూ పోయాయి. క్లెయిమ్ పెడితే బండి ఎవరు నడిపారు, లైసెన్స్ కాపీ పంపండి అన్నారు. లైసెన్స్ లేదు, క్లెయిమ్ లేదు. 46 వేలు చేతి నుంచి పోయాయి. కారు గేటు దాటి రోడ్డు మీదికి వెళ్లి ఎవరికైనా తగిలితే ఇంకా పెద్ద గొడవ. లైసెన్స్ లేనివాడి చేతికి బండి ఇచ్చిన ఓనర్‌కే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 180 కింద 5,000 జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా పడవచ్చు. నాలుగేళ్లు ఏమీ కాలేదంటే అది మీ అదృష్టం అంతే.

కేపీహెచ్‌బీ 6వ ఫేజ్ | ఆదివారం, ఉదయం 9:10

మా వాచ్‌మన్ బాగా నడుపుతాడు. ఊళ్లో ట్రాక్టర్ నడిపినవాడు. మేం అతన్ని ఇంట్లో మనిషిలా చూసుకుంటాం. దసరాకు బట్టలు పెడతాం, పిల్లల ఫీజులకు కూడా సాయం చేశాం. ప్రతిదాన్నీ చట్టంతో చూస్తే పక్కింటివాళ్లతో కూడా బతకలేం.

మెట్లకింద గది | ఆదివారం, ఉదయం 11:48

ఇక్కడ రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

మా నాన్న పదకొండేళ్లు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌గా పనిచేశాడు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చాం. కరెంటు మీటర్ల పక్కన, మెట్ల కింద గది మాది. నలుగురం. నేను పదో తరగతి చదివింది ఆ గదిలోనే. రాత్రి పదకొండు దాటాక వచ్చే కార్లకు గేటు తీయాలి, పొద్దున నాలుగున్నరకు ఎయిర్‌పోర్టుకు వెళ్లేవాళ్లకు ముందు కారు జరపాలి. నాన్నకు డ్రైవింగ్ రాదు. రాదని చెబితే ‘నేర్చుకో, ఎంతసేపు’ అన్నారు. ఒక సార్ రెండు ఆదివారాలు నేర్పించాడు.

ఒక రోజు తెల్లవారుజామున తెల్ల కారు ఎడమ పక్క పిల్లర్‌కు రాసుకుంది. మా అమ్మ కొబ్బరి నూనె రాసి గుడ్డతో తుడిచింది, గీత పోతుందేమోనని. నాన్న గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, ఒక్క మాట మాట్లాడలేదు. మూడు నెలల జీతంలో కోసుకున్నారు. అప్పుడు జీతం ఆరు వేలు. ఆ కారు ఆయన కూడా మమ్మల్ని ఇంట్లో మనుషులనే అనేవాడు, పండక్కి బట్టలు పెట్టేవాడు.

కారు జరపడం వాచ్‌మన్ పని కాదు. మీ ఇద్దరి సౌకర్యం కోసం మూడోవాడి మెడ మీద పెట్టకండి. ఉప్పల్ అన్నా, బ్యాక్ టు బ్యాక్ తీసుకుంటే తాళాలు మీరూ ఆ మూడో అంతస్తు వాళ్లూ మార్చుకోండి. పొద్దున నాలుగున్నరకు వాళ్లనే లేపండి.

కేపీహెచ్‌బీ 6వ ఫేజ్ | ఆదివారం, మధ్యాహ్నం 12:30

తమ్ముడూ, మీ నాన్నగారికి జరిగింది అన్యాయం, ఒప్పుకుంటాను. కానీ అందరినీ ఒకే గాటన కట్టడం కూడా న్యాయం కాదు. మేం ఎప్పుడూ ఒక్క రూపాయి కోయలేదు. కారు తీసినందుకు నెలకు వెయ్యి విడిగా ఇస్తాం.

చందానగర్ అనుభవం | ఆదివారం, మధ్యాహ్నం 12:41

గీత పడితే కోస్తారా లేదా అన్నది గీత పడ్డాక తెలుస్తుంది. మేం కూడా కోయలేదు, కానీ అసోసియేషన్ అతన్ని నెల తిరగకముందే మాన్పించింది. నేను వద్దని చెప్పినా వినలేదు. ఇప్పటికీ ఆ సంగతి నన్ను బాధిస్తూనే ఉంది.

కేపీహెచ్‌బీ 6వ ఫేజ్ | ఆదివారం, మధ్యాహ్నం 12:55

ఇక్కడ నేనేదో నేరం చేసినట్టు మాట్లాడుతున్నారు. అడిగిన ప్రశ్నకు నా అనుభవం చెప్పాను. ఇంకేమీ రాయను.

సెక్రటరీ, 64 ఫ్లాట్లు | ఆదివారం, మధ్యాహ్నం 2:15

ఏడేళ్లుగా అసోసియేషన్ సెక్రటరీగా చేస్తున్నాను, 64 ఫ్లాట్లు, 71 కార్లు. పార్కింగ్ గురించి నాకు తెలిసినంత ఇక్కడ ఎవరికీ తెలియదని ధైర్యంగా చెప్పగలను. ఒక్కో స్లాట్‌కు నంబరు వేయించి, ప్లాన్ కాపీ ఫ్రేము కట్టించి లిఫ్టు పక్కన పెట్టించింది నేనే.

మొదటి విషయం, స్లాట్ ఓనర్‌ది, టెనెంట్‌ది కాదు. ఓనర్ రాసిచ్చిన లెటర్ ఉంటేనే మా దగ్గర స్టిక్కర్ ఇస్తాం. రెండోది, 2012 నాటి జీవో 168, అంటే బిల్డింగ్ రూల్స్ ప్రకారం విజిటర్లకు పార్కింగ్‌లో 10 శాతం వదలాలి. దాన్ని కూడా బిల్డర్లు అమ్మేస్తారు, కాబట్టి మీ ఓనర్ చూపించే స్లాట్ నిజంగా ఆయనదేనా అని సేల్ డీడ్‌లో చూడండి. మూడోది, 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టంలో ఓపెన్ పార్కింగ్ ఉమ్మడి స్థలం కిందకే వస్తుంది. ఒకరికి సొంతంగా అమ్మడానికి లేదు.

ఇక నా అనుభవంలో పార్కింగ్ గొడవల్లో పదికి తొమ్మిది టెనెంట్ల వల్లే. ఒక్క కారు అని చెప్పి చేరతారు, ఆరు నెలలకు రెండోది వస్తుంది.

పదేళ్ల కిరాయి | ఆదివారం, మధ్యాహ్నం 2:40

సెక్రటరీ గారూ, ఆ చివరి మాట వెనక్కి తీసుకోండి.

పదేళ్లలో నాలుగు ఇళ్లు మారాను, నాలుగుచోట్లా ఓనర్లతో సమానంగా మెయింటెనెన్స్ కట్టాను. మీటింగ్‌కు మాత్రం రానివ్వరు. మూడో ఇంట్లో కిరాయి 24 వేలు, పార్కింగ్ కలిపే. చేరిన రోజు చూస్తే స్లాట్‌లో కవర్ కప్పిన పాత జెన్ కారు. ‘మా నాన్నగారి గుర్తు, రెండు వారాల్లో ఊరికి పంపించేస్తాం’ అన్నాడు ఓనర్. పద్నాలుగు నెలలు అక్కడే ఉంది. నాలుగు టైర్లలో గాలి పోయి నేలకు అంటుకుపోయింది. నేను గల్లీలో పెట్టుకున్నాను. రెండుసార్లు అద్దం విరగ్గొట్టారు, ఒకసారి రాంగ్ పార్కింగ్ చలాన్ వచ్చింది. అసోసియేషన్‌కు చెబితే ‘మీరూ మీరూ చూసుకోండి, మేం ఓనర్లతోనే మాట్లాడతాం’ అన్నారు. ఇది టెనెంట్ వల్ల వచ్చిన గొడవా?

సెక్రటరీ, 64 ఫ్లాట్లు | ఆదివారం, మధ్యాహ్నం 3:05

మీ అసోసియేషన్ తప్పు నాకు అంటగట్టకండి. మా దగ్గరైతే నెల దాటిన పాత కారుకు నోటీసు ఇస్తాం. ఓపెన్ పార్కింగ్ మీద 2010లోనే సుప్రీంకోర్టు తీర్పు కూడా ఉంది, కావాలంటే చదువుకోండి.

వకీలు కాదు గానీ | ఆదివారం, మధ్యాహ్నం 3:50

ఆ తీర్పు ముంబై సొసైటీ కేసులో, మహారాష్ట్ర ఫ్లాట్ల చట్టం కింద వచ్చింది. మనకు 1987 అపార్ట్‌మెంట్ల చట్టం వేరే ఉంది. ఇక్కడ అందరూ ఆ తీర్పును తమకు అనుకూలంగా చెబుతుంటారు. అయినా అద్దెకు ఉండేవాడికి ఇదంతా అక్కరకు రాదు. అద్దెదారుకు ఉన్న బలమల్లా అగ్రిమెంట్ కాగితమే. ‘ఒక కారు పార్కింగ్‌తో సహా’ అని రాస్తే చాలదు. స్టిల్టా సెల్లారా, స్లాట్ నంబరు ఎంత, అది ఖాళీగా అప్పగించకపోతే నెలకు ఎంత తగ్గించాలి, ఈ మూడూ ఉండాలి. పదకొండు నెలల అగ్రిమెంట్ అయినా సరే రాయించండి. పదేళ్ల కిరాయి గారి కాగితంలో ఆ చివరి ముక్క ఒక్కటి ఉండి ఉంటే ఆ జెన్ నెలలో కదిలేది.

పదేళ్ల కిరాయి | ఆదివారం, సాయంత్రం 4:02

నిజమే. నాలుగో ఇంట్లో రాయించాను. నెలకు 2,000 తగ్గింపు అని. ఓనర్ ముఖం మాడ్చుకున్నాడు గానీ సంతకం పెట్టాడు, మొదటి రోజే స్లాట్ ఖాళీ.

నెక్సాన్ ఈవీ | ఆదివారం, సాయంత్రం 6:20

ఎవరైనా అద్దె ఇంట్లో చార్జింగ్ పాయింట్ పెట్టించుకున్నారా? 2026 డిసెంబర్ 31 దాకా మన రాష్ట్రంలో ఈవీలకు (ఎలక్ట్రిక్ బండ్లకు) రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు కదా అని కొన్నాను. కారు ఇంటికొచ్చాక అసోసియేషన్ వాళ్లు ప్లగ్ పెట్టనివ్వమంటున్నారు. మంటలు లేస్తాయని ఒకరు, ఉమ్మడి కరెంటు వాడేస్తానని ఒకరు. రోజూ రాత్రి పదింటికి బయట చార్జర్ దగ్గర గంటన్నర కూర్చుంటున్నాను, మా బాబు పడుకున్నాక ఇంటికి వస్తున్నాను.

నిజాంపేట టేపు | ఆదివారం, సాయంత్రం 6:44

మీటర్లు కిందే ఉంటాయి కదా. మీ ఫ్లాట్ మీటర్ నుంచే 16 యాంప్స్ సాకెట్‌కు విడిగా లైన్ లాగించి, ఎంసీబీ (లోడు ఎక్కువైతే ఆగిపోయే స్విచ్), ఎర్తింగ్ సరిగ్గా వేయించండి. ఉమ్మడి కరెంటు అనే మాటే రాదు. ఎలక్ట్రీషియన్‌తో గీయించిన కాగితం ఒకటి మీటింగ్‌లో మీ ఓనర్ చేతే ఇప్పించండి. ఓనర్ నోట చెప్పిస్తే వింటారు. మా పక్క బ్లాక్‌లో అలాగే అయింది.

మల్కాజ్‌గిరి గృహిణి | ఆదివారం, రాత్రి 8:15

వినాయక చవితి సంగతి ఎవరూ చెప్పలేదు. మా స్టిల్ట్‌లో మండపం వేస్తారు. పందిరి వేసినప్పటి నుంచి నిమజ్జనం దాకా దాదాపు రెండు వారాలు సగం కార్లు రోడ్డు మీదే. పూజ వద్దని అనను, ప్రతి ఏటా ప్రసాదం చేసేదాన్ని నేనే. కానీ మండపానికి తీసుకునే స్లాట్లు ప్రతిసారీ అద్దెవాళ్లవే ఎందుకవుతాయి? పోయిన ఏడాది మా అత్తగారికి రాత్రి ఆయాసం వస్తే కారు రెండు గల్లీల అవతల ఉంది. మావారు పరుగెత్తి తెచ్చేసరికి పావుగంట.

సెక్రటరీ, 64 ఫ్లాట్లు | ఆదివారం, రాత్రి 8:31

అమ్మా, మా దగ్గర చీటీలు తీస్తాం. ఓనరైనా అద్దెవాళ్లైనా పేరొస్తే ఇవ్వాల్సిందే. నా స్లాట్ రెండేళ్లు వరసగా పోయింది.

మల్కాజ్‌గిరి గృహిణి | ఆదివారం, రాత్రి 8:40

ఇది బాగుందండీ. మా వాళ్లకు ఈ మాట చూపిస్తాను.

పద్దెనిమిదేళ్ల ఫీల్డ్ | సోమవారం, ఉదయం 10:10

నేను బ్రోకర్‌నే. పద్దెనిమిదేళ్లుగా మియాపూర్ నుంచి కూకట్‌పల్లి దాకా ఇళ్లు చూపిస్తున్నాను. కస్టమర్లు వంటిల్లు, బాల్కనీ, వాస్తు అన్నీ గంటసేపు చూసి, పార్కింగ్‌ను వెళ్లిపోతూ చూస్తారు. మా ఫీల్డ్‌లో ‘పార్కింగ్ ఉంది’ అంటే సొంత స్లాట్ కావచ్చు, ఎవరు ముందొస్తే వాళ్లది కావచ్చు, బ్యాక్ టు బ్యాక్ కావచ్చు, గేటు ముందు జాగా కావచ్చు. నాలుగింటికీ అదే మాట. ఏదని అడిగితేనే చెబుతాం.

కేపీహెచ్‌బీలో పాత హౌసింగ్ బోర్డు ఇళ్లు పడగొట్టి కట్టినవాటి జోలికి పెద్ద కారుతో వెళ్లకండి. ఎల్ఐజీ (తక్కువ ఆదాయంవాళ్ల కోటా) చిన్న స్థలంలో నాలుగు అంతస్తులు లేపితే కింద ఒక కారు, నాలుగు బండ్లు, అంతే. పగలు ఇల్లు చూపిస్తే అందరూ ఆఫీసులకు పోయి ఉంటారు, కింద మైదానంలా కనిపిస్తుంది. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఒకసారి వెళ్లండి. నా మాట కాదు, ఆ టైములో మీ కళ్లే చెబుతాయి. ఒక నెల కమీషన్ మామూలే. కానీ అగ్రిమెంట్ మీద సంతకాలు అయ్యాకే ఇవ్వండి, ముందు ఇవ్వకండి.

ఉప్పల్ నుంచి కొండాపూర్ | బుధవారం, రాత్రి 11:05

అందరికీ కృతజ్ఞతలు. ఆ బ్యాక్ టు బ్యాక్ ఇల్లు వదిలేశాం. మా ఆవిడ రెండు రోజులు బాధపడింది, నాక్కూడా మనసు ఒప్పుకోలేదు. కానీ మెట్లకింద గది తమ్ముడు రాసింది ఇద్దరం చదివాం. ఆ బిల్డింగ్ వాచ్‌మన్ పెద్దాయన, అరవై దాటి ఉంటాయి. ఆయన చేతికి తాళం ఇవ్వాలంటే మాకు మనసు రాలేదు.

ఇవాళ రాత్రి 9:40కి హఫీజ్‌పేటలో ఇంకో ఫ్లాట్‌కు మా ఎర్టిగాలోనే వెళ్లాం, నాన్నగారిని కూడా తీసుకెళ్లాం. స్టిల్ట్, స్లాట్ నంబర్ 9, గోడ వైపు చివరిది. టేపు పెట్టాను, తొమ్మిది అడుగుల మూడు అంగుళాలు. పిల్లర్ డ్రైవర్ వైపు వెనక ఉంది, ముందు తలుపుకు అడ్డం కాదు. నాన్నగారు ఎడమ తలుపు పూర్తిగా తెరిచి, పైన పట్టుకుని నెమ్మదిగా దిగారు. లిఫ్టు దాకా నడిచి లెక్కపెట్టారు, పదహారు అడుగులు. వెనక్కి తిరిగి ‘ఇది చాలురా’ అన్నారు. ఇల్లు పోయినదాని కంటే చిన్నది, మంజీరా నీళ్లు రోజు విడిచి రోజట. 26 వేలు, మెయింటెనెన్స్ 2,500. అర వెయ్యి ఎక్కువే, అయినా సరే అనుకున్నాం. స్లాట్ నంబరు, తగ్గింపు ముక్క రాయడానికి ఓనర్ ఒప్పుకున్నారు. ఆదివారం సంతకాలు.

మెట్లకింద గది | బుధవారం, రాత్రి 11:19

మీ ముందు ఎవరి కారూ ఉండదు కదా అన్నా?

ఉప్పల్ నుంచి కొండాపూర్ | బుధవారం, రాత్రి 11:22

ఉండదు తమ్ముడూ. ముందంతా దారే. రెండు తాళాలూ మా ఇంట్లోనే ఉంటాయి.

టోలిచౌకి సెల్లార్ | బుధవారం, రాత్రి 11:30

స్టిల్ట్ అయినా రోడ్డు కంటే ఎత్తులో ఉందా, పల్లంలో ఉందా? దగ్గర్లో నాలా ఏమైనా ఉందా?

ఉప్పల్ నుంచి కొండాపూర్ | బుధవారం, రాత్రి 11:34

చీకట్లో సరిగ్గా చూడలేదండీ. రేపు పొద్దున వెళ్లి చూసి రాస్తాను.